నాన్న పెన్షన్ అమ్మకు మారాలంటే ఏ ఆఫీసుకు వెళ్ళాలి?

దేవరకొండ_కొడుకు
అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్న ఆర్మీలో హవల్దారుగా రిటైర్ అయ్యారు. నాలుగు నెలల కింద కాలం చేశారు, 86 ఏళ్ళు. అప్పటి నుంచి అమ్మకు ఒక్క రూపాయి రాలేదు. బ్యాంకుకు పోతే "మా చేతిలో ఏమీ లేదు, అంతా స్పర్శ్‌లోనే" అన్నారు. స్పర్శ్‌లో, అంటే సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో, క్లెయిమ్ పెడితే భార్య పేరు సరిపోలడం లేదని వెనక్కి వచ్చింది. సైనిక సంక్షేమ కార్యాలయంలో "రికార్డ్ ఆఫీసుకు రాయండి" అన్నారు. సికింద్రాబాద్‌లో ఒక రికార్డ్ ఆఫీసు ఉందంటే బస్సెక్కి పోయాను. గేటు దగ్గరే "మీ నాన్న మా కోర్ (విభాగం) కాదు" అని పంపేశారు.
గొడవంతా అమ్మ పేరులో ఒక్క అక్షరం. పీపీఓలో (పెన్షన్ మంజూరు ఆర్డరులో) పేరు చివర "మ్మ" ఉంది, ఆధార్‌లో లేదు. నాన్న ఏ రెజిమెంటో ఇక్కడ రాయను, ఎవరినీ తిట్టే ఉద్దేశం లేదు. అసలు ఈ పని ఎవరిది? అది తెలిస్తే చాలు.

వనపర్తి_జవాన్
అన్నా, నాన్నగారికి నివాళులు. మా పెద్దనాన్న పోయినప్పుడు మాకూ ఇంతే. ఆరు నెలలు పట్టింది. హాలియా సుబేదార్ సాబ్ ఈ గ్రూపులోనే ఉన్నారు, రాత్రికి చూస్తారు.

సుబేదార్_హాలియా
తమ్ముడూ, నేను సర్వీసులో కొన్నేళ్ళు రికార్డ్ ఆఫీసులోనే క్లర్కుగా చేశాను. కాబట్టి కొంచెం వివరంగా చెప్తా, ఓపిగ్గా చదువు.
నువ్వు తిరిగిన చోట్ల నీకెవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి ముక్క వాళ్ళు చెప్పారు. ఆ ముక్కలన్నీ కలిపి చెప్పేవాడే ఎక్కడా ఉండడు.
రికార్డ్ ఆఫీసు పని ఒక్కటే. ఈ జవాను ఎవరు, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు దిగాడు, పెళ్ళెప్పుడైంది, భార్య పేరేంటి, పిల్లలెందరు అన్నది రాసి పెట్టుకోవడం. నాన్నగారు పెళ్ళి చేసుకుని సెలవు నుంచి యూనిట్‌కు పోయిన రోజు అక్కడి క్లర్కు "పార్ట్ టూ ఆర్డర్" అని ఒక కాగితం వేసి ఉంటాడు. అమ్మ పేరు మొదటిసారి ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కింది అప్పుడే. ఆ క్లర్కు ఉత్తరాది వాడైతే నాన్నగారు చెప్పింది చెవికి ఎలా పడితే అలా ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు. మా తరం వాళ్ళలో సగం మంది భార్యల పేర్లు ఇలా చెవితో విని రాసినవే.
ఆ వివరాల ఆధారంగా పెన్షన్ మంజూరు చేసేది ప్రయాగ్‌రాజ్‌లోని డిఫెన్స్ అకౌంట్స్ ఆఫీసు. పాతవాళ్ళం ఇప్పటికీ అలహాబాద్ అనే అంటాం. ఆర్మీ వాళ్ళందరికీ అదే. నేవీకి ముంబై, ఎయిర్ ఫోర్స్‌కు ఢిల్లీ. ఎంత ఇవ్వాలి, ఏ తేదీ నుంచి ఇవ్వాలి అన్నది అక్కడ తేలుతుంది. పీపీఓ వాళ్ళదే. కానీ అమ్మ పేరు "మ్మ"తోనా, "మ్మ" లేకుండానా అన్నది వాళ్ళంతట వాళ్ళు తేల్చరు. రికార్డ్ ఆఫీసు రాసిందే వాళ్ళకు ప్రమాణం.
ఇక డబ్బు చేతికిచ్చేది. ఒకప్పుడు బ్యాంకులే పీపీఓ పెట్టుకుని లెక్కలు కట్టి వేసేవి. ఇప్పుడు స్పర్శ్ వచ్చాక ప్రయాగ్‌రాజ్ నుంచే నేరుగా ఖాతాలో పడుతుంది. అంటే బ్యాంకు ఇప్పుడు ఉత్త డబ్బా, అందులో వేసేది వేరేవాళ్ళు. అందుకే బ్యాంకు వాడు చేతులెత్తేశాడు, నిజమే చెప్పాడు.
సైనిక సంక్షేమ కార్యాలయం జిల్లాలో మన మనిషి. మంజూరు చేసే అధికారం దానికి లేదు. కానీ నీ కాగితాల మీద వాళ్ళ సంతకం, ముద్ర, పైకి రాసే లెటర్ ఉంటే రికార్డ్ ఆఫీసులో ఆ ఫైలు తీరు వేరేగా ఉంటుంది. ఇది నా అనుభవం.
నీ పని రికార్డ్ ఆఫీసుది. సంక్షేమ కార్యాలయం వాళ్ళు నీకు చెప్పింది సరైన మాటే.

దేవరకొండ_కొడుకు
సుబేదార్ గారు, నాలుగు నెలల్లో మొదటిసారి నాకు అర్థమైంది. మరి సికింద్రాబాద్‌ది కాకపోతే మాది ఎక్కడో ఎలా తెలుస్తుంది?

సుబేదార్_హాలియా
డిశ్చార్జి బుక్ మొదటి పేజీ, లేదంటే పాత పీపీఓ తీసి చూడు, రాసి ఉంటుంది. మన జిల్లాల వాళ్ళంతా చేసే తప్పే నువ్వూ చేశావు. దగ్గర కదా అని అందరూ సికింద్రాబాద్ పోతారు. అక్కడున్నవి ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి విభాగం) రికార్డులు. తోపుల వాళ్ళది, అంటే ఆర్టిలరీది, నాసిక్ రోడ్. సిగ్నల్స్ జబల్‌పూర్. మద్రాస్ సాపర్స్, అంటే ఇంజినీర్ల విభాగం, బెంగళూరు. మద్రాస్ రెజిమెంట్ వెల్లింగ్టన్. రిటైరయ్యాక డీఎస్సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో) చేరి రెండో పెన్షన్ తీసుకున్న వాళ్ళది కన్నూర్. స్వయంగా పోవలసిన అవసరం లేదు. స్పీడ్ పోస్టు చాలు, రసీదు దాచుకో.

మిర్యాలగూడ_బీఎస్ఎఫ్
మధ్యలో అడ్డొస్తున్నా సార్. మా బావ బీఎస్ఎఫ్‌లో చేసి పోయాడు. మా అక్క కూడా ఇలాగే రికార్డ్ ఆఫీసు, స్పర్శ్ అని తిరుగుతోంది. ఇదే దారా?

సుబేదార్_హాలియా
కాదు. బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్ఎఫ్ రక్షణ శాఖ కిందికి రావు, హోం శాఖవి. వాళ్ళ ఫోర్స్ వాళ్ళు కేసు తయారు చేసి పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు పంపుతారు. అక్కడి పీపీఓ ఢిల్లీలోని సెంట్రల్ పెన్షన్ అకౌంటింగ్ ఆఫీసు మీదుగా బ్యాంకుకు వస్తుంది. ఆయన విషయంలో మాత్రం బ్యాంకు ఉత్త డబ్బా కాదు, అసలు పనే వాళ్ళది. స్పర్శ్‌లో వెతికితే ఆయన పేరే కనపడదు. ఇంకో సంగతి, 2004 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ చేరినవాళ్ళయితే ఎన్‌పీఎస్, అంటే కొత్త పెన్షన్ పద్ధతి, గొడవ కూడా ఉంటుంది. ఆర్మీకి ఆ ఎన్‌పీఎస్ లేదు. దీనికి వేరే చర్చ మొదలుపెట్టు, అక్కడ రాస్తా.

నకిరేకల్_పాతకాపు
మా పెదతాత తెలంగాణ సాయుధ పోరాటంలో జైలుకు పోయిన మనిషి. ఆయనకు కేంద్రం సమరయోధుల పెన్షన్ వచ్చేది. ఆయన పోయాక ఆయన భార్యకు మారింది. అప్పుడు మేమూ ముందు సైనిక సంక్షేమ కార్యాలయానికే పోయాం, సైనికుడే కదా అని! "స్వతంత్రతా సైనిక్" అని పీపీఓ మీద రాసి ఉంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? అది కూడా హోం శాఖదేనట. పేరులో సైనికుడున్నా ఆఫీసు వేరు. చర్చకు సంబంధం లేకపోతే తీసేయండి.

మోడరేటర్
ఉండనివ్వండి. ఇదే పొరపాటు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

కల్వకుర్తి_సీఎస్‌సీ
నేను కామన్ సర్వీస్ సెంటర్ నడుపుతాను. స్పర్శ్ పనులు నా దగ్గరికి రోజూ వస్తాయి. నాలుగు మాటలు చెప్తా.
చనిపోయిన విషయం స్పర్శ్‌లో ఎంత తొందరగా ఎక్కిస్తే అంత మంచిది. చనిపోయిన రోజు వరకు పెన్షన్ ఆయనది, మర్నాటి నుంచి ఫ్యామిలీ పెన్షన్ ఆమెది. మధ్యలో తెలియక నాన్నగారి పేరు మీద పడ్డ డబ్బును ఏటీఎంలో తీశారా? మొన్న ఒకాయన రెండు నెలలవి తీసి ఎరువుల షాపులో కట్టేశాడు. తర్వాత అమ్మగారి బకాయిల్లోంచి అది కోసుకున్నారు. తప్పు చేశారని కాదు, లెక్క అది.
డెత్ సర్టిఫికెట్ 21 రోజుల లోపల పంచాయతీలో నమోదు చేయించుకుంటే ఖర్చు లేదు. ఏడాది దాటితే 2023 చట్ట సవరణ తర్వాత కోర్టుకు పోనక్కర్లేదు కానీ ఆర్డీఓ స్థాయి ఆర్డరు కావాలి. పొలాల పనుల్లో పడి మన వాళ్ళు దీన్ని మరిచిపోతారు, తర్వాత నా దగ్గర కూర్చుని తల పట్టుకుంటారు.
ఇంకోటి. 2016లో జిల్లాలు విడిపోయాయి కదా. పాత పీపీఓలో "మహబూబ్‌నగర్ జిల్లా", ఆధార్‌లో "నాగర్‌కర్నూల్ జిల్లా". సూర్యాపేట వాళ్ళకు, గద్వాల వాళ్ళకు కూడా ఇదే. చిరునామా తేడా వల్ల క్లెయిమ్ ఆగిందని చాలామంది భయపడతారు. నేను చూసినంతలో ఆపేది పేరూ పుట్టిన తేదీ మాత్రమే, జిల్లా పేరు కాదు.

పాలమూరు_చెల్లె
నేను కొత్తగా చేరాను. తప్పుగా అడిగితే క్షమించండి. మా నాన్న ఆర్మీ. అమ్మ ముందే పోయింది, నాన్న రెండేళ్ళ కింద పోయారు. మా అక్క భర్త నుంచి విడిపోయి పదేళ్ళుగా నాన్న దగ్గరే ఉంది. కూలికి పోతుంది. విడాకులు తీసుకున్న కూతురికి పెన్షన్ వస్తుందని ఎవరో చెప్పారు. మా ఊరి పెద్దమనుషులు అందరి ముందు రాసిచ్చిన కాగితం ఉంది, ఇద్దరి వేలిముద్రలూ ఉన్నాయి. పనికొస్తుందా?

సుబేదార్_హాలియా
చెల్లెమ్మా, ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. పెద్దమనుషుల కాగితం విడాకుల కింద లెక్కకు రాదు. కోర్టు డిక్రీ కావాలి. పైగా తల్లిదండ్రులు ఇద్దరూ పోకముందే డిక్రీ వచ్చి ఉండాలి, లేదా వాళ్ళలో ఒక్కరైనా బతికుండగా కోర్టులో కేసైనా వేసి ఉండాలి. వాళ్ళు పోయాక ఇప్పుడు వేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.
అయినా ఒకటి చూసుకో. అక్క ఎప్పుడైనా కోర్టులో విడాకుల కేసు వేసిందా? సగంలో వదిలేసినా సరే, ఆ కేసు నంబరు ఏదైనా ఉందా? మెయింటెనెన్స్ కేసు వేరే సంగతి, అది సరిపోదు.

పాలమూరు_చెల్లె
వేసింది సార్! నాన్న బతికున్నప్పుడే. వకీలు ఫీజు కట్టలేక వదిలేసింది. కాగితం వెతుకుతాను.

సుబేదార్_హాలియా
దాన్ని వెతుకు ముందు. వదిలేసిన కేసు కొట్టేసి ఉంటే మళ్ళీ పైకి తెప్పించడం వీలవుతుందా లేదా జిల్లా కోర్టులో లీగల్ సర్వీసెస్ అథారిటీ వాళ్ళను అడుగు, అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. దొరికితే మళ్ళీ ఇక్కడికి రా. పెళ్ళికాని కూతురికైనా, భర్త పోయిన కూతురికైనా, విడాకులైన కూతురికైనా 25 ఏళ్ళు దాటినా ఇస్తారు. కానీ నెల ఆదాయం 9,000 రూపాయలు, దాని మీద కరువు భత్యం, ఆ మొత్తాన్ని దాటకూడదు. కూలి పని అంటున్నావు కాబట్టి ఆదాయం సమస్య కాకపోవచ్చు. డిక్రీయే సమస్య.

వనపర్తి_జవాన్
సాబ్, సర్వీసులో ఉండగా పోతే దారి వేరే కదా? మా బ్యాచ్‌వాడు పోయిన ఏడాది సెలవులో ఇంటికి వచ్చి బైక్ ప్రమాదంలో పోయాడు. వదినకు 30 శాతమే అంటున్నారు.

సుబేదార్_హాలియా
సర్వీసులో పోతే కుటుంబం క్లెయిమ్ పెట్టుకోనక్కర్లేదు, యూనిట్, రికార్డ్ ఆఫీసే కేసు కదుపుతాయి. మామూలు ఫ్యామిలీ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం. కానీ సర్వీసులో పోతే మొదటి పదేళ్ళు 50 శాతం ఇవ్వాలి. అది అడిగారా?
డ్యూటీ వల్ల చనిపోయాడని తేలితే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, 60 శాతం. శత్రువుతోనో ఉగ్రవాదులతోనో పోరాటంలో పోతే లిబరలైజ్డ్, మొత్తం జీతం. ఈ మూడింట్లో ఏది అన్నదే అసలు గొడవ. సెలవు మీద ఇంటికి వచ్చే దారిలో ప్రమాదమైతే డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఊళ్ళో దిగి, మర్నాడు బంధువుల ఇంటికి పోతూ పడితే? అక్కడ వాదన మొదలవుతుంది. టికెట్టు, సెలవు పత్రం, పోలీసు పంచనామాలో రాసిన టైము, ఇవన్నీ దాచి పెట్టమను. కాదంటే అప్పీలు ఉంది. అక్కడా కాదంటే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మనకు చెన్నై బెంచ్.

వనపర్తి_జవాన్
50 శాతం మాట మాకు తెలియనే తెలియదు. ఇప్పుడే వదినకు ఫోన్ చేస్తున్నా.

నకిరేకల్_పాతకాపు
కర్నల్ సంతోష్ బాబు కుటుంబానికి రాష్ట్రం 5 కోట్లు ఇచ్చింది కదా, అది కూడా ఈ పెన్షన్‌లో భాగమేనా?

సుబేదార్_హాలియా
కాదు. సూర్యాపేట బిడ్డ, గల్వాన్‌లో 2020 జూన్‌లో అమరుడయ్యారు. రాష్ట్రం ప్రకటించింది రాష్ట్రం ఖజానాది, ఒక్కసారి ఇచ్చేది. నెలనెలా వచ్చే పెన్షన్ కేంద్రం రక్షణ బడ్జెట్‌ది. గ్రూప్ ఇన్సూరెన్స్ డబ్బు ఇంకో ఆఫీసు. ఒక్క మరణానికి మూడు నాలుగు చోట్ల నుంచి వేర్వేరు కాగితాలు వస్తాయి. ఊళ్ళో అందరూ వాటిని కలిపి "గవర్నమెంటు ఇంత ఇచ్చింది" అంటారు, ఇంట్లో వాళ్ళకు మాత్రం ఏది ఎక్కడిదో తెలియదు.

దేవరకొండ_కొడుకు
సుబేదార్ గారు, డిశ్చార్జి బుక్ దొరికింది, అమ్మ ట్రంకు పెట్టెలో కింద పట్టుచీర మడతలో ఉంది. రికార్డ్ ఆఫీసు అడ్రసు దొరికింది. ఏమేం పంపాలి?

సుబేదార్_హాలియా
అమ్మ అఫిడవిట్ ముందు. రెండు పేర్లూ ఒకే మనిషివి అని అమ్మే ప్రమాణం చేయాలి, నువ్వు కాదు. పీపీఓ నకలు, డిశ్చార్జి బుక్‌లో కుటుంబం పేజీ నకలు, ఆధార్, పాన్, డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. ఇద్దరి జాయింట్ ఫొటో ఎప్పటిదైనా ఉంటే అదీ పెట్టు. అన్నిటి మీదా సైనిక సంక్షేమ అధికారి సంతకం. పేరులో తేడా పెద్దదైతే రెండు పేపర్లలో ప్రకటన కూడా వేయమంటారు. ఒక్క "మ్మ"కు అక్కర్లేకపోవచ్చు, వాళ్ళు అడిగితేనే వెయ్యి. ఇంటర్నెట్‌లో దొరికిన జాబితాలన్నీ నమ్మి డబ్బు తగలేయకు.
ఒక్క జాగ్రత్త. ఆధార్‌ను పీపీఓకు తగ్గట్టు మార్చేద్దాం అని మీసేవకు పరిగెత్తకు. ఆధార్ మారిస్తే పాన్, బ్యాంకు, రేషన్ కార్డు అన్నీ తిరగబడతాయి. నేను చూసిన కేసుల్లో సగం గొడవ ఇలా రెండో తప్పుతో పుట్టిందే.

కల్వకుర్తి_సీఎస్‌సీ
నిజం. నా దగ్గరికి అలా వచ్చినవాళ్ళున్నారు. ఒక అక్షరం సర్దబోయి నాలుగు కార్డులు పాడు చేసుకున్నారు.

మిర్యాలగూడ_బీఎస్ఎఫ్
నాన్నగారు బతికుండగానే ఇదంతా సరిచేసుకుని ఉంటే ఎంత బాగుండేది.

సుబేదార్_హాలియా
అదే కదా. బతికున్న పెన్షనరు తానే అప్లికేషన్ పెడితే ఇదే పని సగం కాగితాలతో అయిపోతుంది. కానీ మన మగవాళ్ళు పీపీఓ తీసి భార్యకు చూపించరు. అడిగితే "నేను పోయాక చూసుకుందువులే" అంటారు. నేనూ అన్నవాణ్ణే. నిన్న రాత్రి నా పీపీఓ తీసి మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె పేరు బాగానే ఉంది, నా పేరులోనే ఒక అక్షరం తేడా కనపడింది. నవ్వకండి.

వనపర్తి_జవాన్
నవ్వకుండా ఎలా ఉంటాం సాబ్ 😀

దేవరకొండ_కొడుకు
మూడు నెలల తర్వాత వస్తున్నా. ఉత్తరం పంపిన ఐదు వారాలకు రికార్డ్ ఆఫీసు జవాబు వచ్చింది, అఫిడవిట్ సరిపోయిందని. తర్వాత ప్రయాగ్‌రాజ్ నుంచి సవరించిన పీపీఓ. నిన్న అమ్మ ఖాతాలో బకాయిలతో సహా పడింది. కానీ నాన్నకు వచ్చిన దాంట్లో సగం కూడా లేదు. ఇందులో ఏమైనా తప్పుందా?

సుబేదార్_హాలియా
సంతోషం తమ్ముడూ. లెక్క తప్పు కాకపోవచ్చు. రిటైరైన మనిషి పోతే పెంచిన రేటు ఏడేళ్ళు, లేదా ఆయన బతికుంటే 67 నిండే రోజు వరకు, ఏది ముందైతే అది. నాన్నగారు 86లో పోయారు కాబట్టి అది లేదు, మామూలు రేటే. ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్) పట్టికలో హవల్దార్ ర్యాంకు, సర్వీసు ఏళ్ళ ఎదురుగా ఫ్యామిలీ పెన్షన్ గడి చూసుకో.
ఇంకోటి, నాన్నగారికి 85 దాటాక వయసును బట్టి 30 శాతం అదనం వచ్చేది. అది ఆయన వయసుకు, అమ్మకు బదిలీ కాదు. అమ్మకు ఆమె వయసును బట్టి 80 నిండాక 20 శాతం మొదలవుతుంది. అమ్మకు ఎన్నేళ్ళు?

దేవరకొండ_కొడుకు
ఆధార్ ప్రకారం వచ్చే ఆగస్టుకు 80 నిండుతాయి.

సుబేదార్_హాలియా
అయితే కొత్త పీపీఓలో అమ్మ పుట్టిన తేదీ ఏముందో ఇప్పుడే చూడు. ఆ 20 శాతం దాన్ని బట్టే వస్తుంది.

దేవరకొండ_కొడుకు
చూశాను. ఖాళీగా ఉంది.

సుబేదార్_హాలియా
మళ్ళీ రికార్డ్ ఆఫీసుకే. ఆగస్టు వరకు ఆగకు, రేపే పోస్టు చెయ్యి.